ముజ్తాగ్ అతాకు స్కీల మీద వెళ్లాలనుకుంటే ముందు ఏ కొండలు ఎక్కాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. సియాటిల్‌లో ఉద్యోగం. రెండు చలికాలాలుగా రిసార్టులో స్కీయింగ్ నేర్చుకుంటున్నారు. కిలిమంజారో ఎక్కారు, నిరుడు వేసవిలో గైడు వెంట సియాటిల్ దగ్గరి రైనియర్ కొండ కూడా ఎక్కారు. రెండేళ్లలో చైనాలోని ముజ్తాగ్ అతాను స్కీలతో ఎక్కి స్కీలతోనే దిగాలని, ఆ తర్వాత ఎనిమిది వేల మీటర్లు దాటిన హిమాలయ శిఖరం చో ఓయుకు వెళ్లాలని కోరిక. ఈలోగా 5,000, 6,000 మీటర్ల శిఖరాలు ఎన్ని ఎక్కాలి, వాటిని స్కీలతో ఎక్కాలా కాలినడకన ఎక్కాలా అని అడిగారు. తిండి గురించి, స్కీల కొనుగోలు గురించి చివర్లో మరో రెండు ప్రశ్నలు వేశారు. వాటికీ వస్తాను.

శిఖరాలు లెక్కపెట్టుకునే పద్ధతి మీద నాకు నమ్మకం లేదు. పెద్ద కొండకు ముందు చిన్న కొండలు ఎక్కితే రెండు లాభాలు వస్తాయి. ఒకటి, శరీరం ఎత్తుకు అలవాటు పడటం. రెండోది, చేతులకూ కాళ్లకూ పని రావడం. మొదటిది వారాల్లో కరిగిపోతుంది, రెండోది ఏళ్ల తరబడి ఉంటుంది. చాలామంది డబ్బూ సెలవులూ మొదటిదాని మీద ఖర్చుపెట్టి, రెండోదాన్ని పెద్ద కొండ మీదే నేర్చుకుందాంలే అనుకుంటారు. నా సలహా దీనికి తలకిందులుగా ఉంటుంది. రెండేళ్లు చాలవు, సాధనకే మూడేళ్లు పెట్టుకోండి. అందులో ఎక్కువ భాగం 4,400 మీటర్ల లోపే గడపండి.

కారణం చెబుతాను. సుమారు 5,500 మీటర్ల దగ్గర గాలి పీడనం సముద్రమట్టంలో ఉన్నదానిలో సగం. ఎవరెస్ట్ శిఖరం మీద మూడో వంతు. పైకి వెళ్లిన కొన్ని గంటల్లోనే ఊపిరి వేగం పెరుగుతుంది. అలా ఎక్కువగా ఊపిరి తీయడం వల్ల రక్తంలో పెరిగే క్షారగుణాన్ని మూత్రపిండాలు కొద్ది రోజుల్లో సరిచేస్తాయి. ఎర్ర రక్తకణాలను పెంచే హార్మోను గంటల్లోనే ఎక్కువవుతుంది గానీ, కణాలు నిజంగా పెరగడానికి వారాలు పడుతుంది. కిందికి దిగి మామూలు జీవితంలో పడ్డాక ఇదంతా కొద్ది వారాల్లోనే వెనక్కి పోతుంది. డిసెంబర్‌లో మెక్సికోలో 5,636 మీటర్లు ఎక్కి వచ్చినా, జూలైలో కాష్గర్‌లో విమానం దిగేసరికి మీ ఒంట్లో ఉండేది సియాటిల్ రక్తమే.

పర్వతారోహకుడు మల్లి మస్తాన్ బాబు గారిని మీరు ఉదాహరణగా చూపించారు. 2006లో ఆయన ఏడు ఖండాల శిఖరాలను 172 రోజుల్లో పూర్తి చేశారు. ఆ తేదీలు ఒకసారి చూడండి: మే 21న ఎవరెస్ట్, జూన్ 13న ఎల్‌బ్రస్, జూలై 10న డెనాలీ. అంత దగ్గర దగ్గరగా ఎక్కినప్పుడు, ఒక కొండ మీద సంపాదించిన అలవాటులో కొంతైనా తర్వాతి కొండకు పనికొస్తుంది. ఉద్యోగం చేసుకుంటూ ఏడాదికి ఒకటో రెండో ప్రయాణాలు పెట్టుకునే మనకు ఆ వరస వర్తించదు.

మరి మధ్యలో ఒక 5,000 మీటర్ల శిఖరం ఎందుకంటే, మీ శరీరం గురించి సమాచారం కోసం. ఏ ఎత్తులో తలనొప్పి మొదలవుతుంది, ఏ ఎత్తులో నిద్ర చెడుతుంది, ఆకలి ఎప్పుడు చస్తుంది, చలిలో మొదట మొద్దుబారేది కాలి వేళ్లా చేతి వేళ్లా అన్నవి తెలుస్తాయి. ఒకసారి ఊపిరితిత్తుల్లో నీరు చేరిన మనిషికి మళ్లీ చేరే అవకాశం ఎక్కువ కాబట్టి, ఆ సంగతి 7,000 మీటర్ల మీద మొదటిసారి తెలుసుకోవడం కన్నా ఒక్కరోజులో రోడ్డు మీదికి దిగిపోగల కొండ మీద తెలుసుకోవడం మేలు. కిలిమంజారో 5,895 మీటర్లే గానీ, అక్కడ శిఖరం దగ్గర ఉండేది కాసేపే. అదే రోజు వేల మీటర్లు దిగిపోతారు. ఎత్తులో వరసగా రాత్రులు గడిపితే మీకు ఎలా ఉంటుందో అది చెప్పదు.

ఇక ముజ్తాగ్ అతా. 7,546 మీటర్లు. ఇంత ఎత్తున్న శిఖరాల్లో ఇంత తక్కువ వాలు ఉన్నవి అరుదు. మామూలు దారిలో చాలాచోట్ల వాలు 30 డిగ్రీలు కూడా దాటదు. అది చూసి తేలిక అనుకోవద్దు. 1947లో ఎరిక్ షిప్టన్, బిల్ టిల్‌మన్ లాంటి వాళ్లు శిఖరం దగ్గరిదాకా వెళ్లి, లోతైన మంచు, విపరీతమైన చలి వల్ల వెనక్కి తిరిగారు. షిప్టన్ కాలి వేళ్లను మంచు కొరికింది. 1956లో సోవియట్, చైనా బృందం మొదటిసారి పైకి చేరింది. 1980లో నెడ్ గిలెట్, గేలెన్ రోవెల్, జ్యాన్ రెనాల్డ్స్ అనే ముగ్గురు అమెరికన్లు స్కీల మీద ఎక్కి స్కీల మీదే దిగారు. షిప్టన్‌ను నడుముల్లోతు అలసటలోకి దించిన మంచు మీద స్కీలు తేలుతాయి. బరువు పొడుగునా పంచుకుంటాయి కాబట్టి, మంచు కప్పేసిన క్రెవాస్‌ల (హిమానీనదంలోని లోతైన పగుళ్ల) మీద పాదం దిగబడే అవకాశం తగ్గుతుంది. తగ్గుతుందని మాత్రమే అంటున్నాను. మొదటి క్యాంపుకూ రెండో క్యాంపుకూ మధ్య క్రెవాస్‌లు బాగానే ఉంటాయి, అక్కడ తాడు కట్టుకోవలసిందే.

బేస్ క్యాంపు సుమారు 4,400 మీటర్ల దగ్గర. అక్కడిదాకా సామాను ఒంటెలు మోస్తాయి. పై క్యాంపులు సుమారుగా 5,500, 6,200, 6,800 మీటర్ల దగ్గర వేస్తారు. శిఖరానికి వెళ్లే రోజు ఇంకా ఏడు వందల మీటర్ల పైచిలుకు ఎక్కాలి. స్కీల అసలు విలువ తెలిసేది అక్కడే. సాయంత్రం నాలుగింటికి మేఘం కమ్ముతుంటే, ఓపిక అయిపోయిన మనిషి కాలినడకన దిగడానికి గంటలు పడుతుంది. స్కీలు బాగా వచ్చినవాడు అందులో చిన్న భాగం సమయంలోనే డేరా చేరతాడు. స్కీలు రానివాడు నడిచేవాడి కంటే వెనకబడతాడు. పడతాడు, లేస్తాడు, ఆ ఎత్తులో లేచినప్పుడల్లా ఒక నిమిషం ఊపిరి కోసం కొట్టుకుంటాడు. మూడోసారి పడ్డాక స్కీలు విప్పి బ్యాగుకు కట్టుకుంటాడు. ఆ బరువుతో మెత్తటి మంచులో మోకాలి లోతు దిగబడుతూ నడుస్తాడు. ఇలాంటి వాళ్లను కొండ మీద చూశాను. వాళ్లలో ఎవరూ రిసార్టులో చెత్తగా ఆడేవాళ్లు కారు.

రిసార్టులో యంత్రంతో చదును చేసిన మంచు మీద మీరు నేర్చుకున్నది అక్షరాభ్యాసం. ముజ్తాగ్ అతా మీద ఎదురయ్యేది వేరు. గాలి కోసిన గట్టి మంచు గట్లు ఉంటాయి. కొన్నిచోట్ల పైన పెంకులా గట్టిపడి, కాలు వేస్తే పగిలి కిందికి లాగే మంచు ఉంటుంది. కొన్నిచోట్ల నీలం మంచుగడ్డ. వీపున పదిహేను, ఇరవై కిలోలు. పైగా అరడజను మలుపులు తిప్పగానే తొడలు మండి, ఊపిరి ఆడక నిలబడిపోతారు. కాబట్టి అక్కడ అందమైన మలుపులతో పని లేదు. పడకుండా, వేగం పెరగకుండా, అడ్డంగా జారుతూ, అవసరమైతే ఆగి కాలు తిప్పి దిశ మార్చుకుంటూ కిందికి రావడమే అక్కడి స్కీయింగ్. చూసేవాళ్లకు అది వికారంగా ఉంటుంది, ఉండనివ్వండి.

దీన్ని నేర్చుకోవడానికి మీ ఇంటి దగ్గర ఉన్నంత మంచి బడి ప్రపంచంలో చాలా తక్కువచోట్ల ఉంది. ఏప్రిల్ నుంచి జూన్ చివరిదాకా కాస్కేడ్ అగ్నిపర్వతాలు మీవే. సెయింట్ హెలెన్స్ 2,549 మీటర్లు, ఒక్కరోజు పని. ఆడమ్స్ 3,743 మీటర్లు. దక్షిణం వైపు నుంచి రెండు వేల మీటర్ల ఎత్తు ఎక్కి, అంతా స్కీల మీద దిగవచ్చు. ఎండకు పైపొర కరిగే వేళకు దిగడం మొదలుపెడితే వెన్నలాంటి మంచు దొరుకుతుంది. మీరు మాత్రం కొన్నిసార్లు కావాలనే ఒకటి రెండు గంటలు ముందుగా, గట్టిగా ఉన్నప్పుడే దిగండి. బేకర్ మీద హిమానీనదం అనుభవం వస్తుంది. చివరగా రైనియర్. ఈసారి గైడులు తీసుకెళ్లే మామూలు దారి డిసపాయింట్‌మెంట్ క్లీవర్ మీదుగా వద్దు. మే, జూన్ నెలల్లో ఎమన్స్ హిమానీనదం మీదుగా, గైడు లేకుండా, మీకు సమానమైన ఇద్దరు ముగ్గురు తోడుతో వెళ్లండి. గైడు వెంట ఎక్కినప్పుడు దారి, వాతావరణం, వెనుదిరిగే సమయం అన్నీ గైడే నిర్ణయించి ఉంటాడు. ఆ నిర్ణయాలు మీరే తీసుకోవడం నేర్చుకోకుండా చో ఓయు గురించి ఆలోచించడం తొందరపాటు.

రైనియర్ మీదే ఉన్న మ్యూర్ మంచుమైదానం గురించి విడిగా చెప్పాలి. పారడైజ్ దగ్గర 1,645 మీటర్ల నుంచి క్యాంప్ మ్యూర్ దగ్గర 3,105 మీటర్ల దాకా, ఒక వైపు సుమారు ఏడు కిలోమీటర్లు. సాంకేతికంగా అందులో ఏమీ లేదు. బరువు మోసే సాధనకు సియాటిల్ వాళ్లంతా అక్కడికే వెళతారు. అయితే మబ్బు దిగితే నేలా ఆకాశం ఒకే తెలుపైపోయి, నిలబడి ఉన్నారో జారుతున్నారో కూడా తెలియదు. వాలు లాగిన వైపు పోతే పక్కనున్న హిమానీనదాల మీదికి చేరతారు. అలా దారి తప్పి చనిపోయినవాళ్లు ఉన్నారు. ముజ్తాగ్ అతా మీద కూడా మనుషులను ఎక్కువగా ఇబ్బంది పెట్టేది ఇదే. గుర్తుపట్టడానికి ఒక బండ అయినా లేని వెడల్పాటి తెల్లటి వాలు అది. కాబట్టి మ్యూర్‌లో వాతావరణం కొంచెం చెడ్డగా ఉన్న రోజు, దారి బాగా తెలిసిన స్నేహితుడితో వెళ్లి, దిక్సూచి, జీపీఎస్ రెండూ చూసుకుంటూ స్కీల మీద దిగడం సాధన చేయండి. ఎక్కేటప్పుడే దారి నమోదు చేసుకోవడం, చలికి ఫోను చచ్చిపోతే రెండో పరికరం ఉండటం, వెదురు పుల్లలకు ఎర్ర గుడ్డ కట్టి పాతుకుంటూ పోవడం. ఇవన్నీ మూడు వేల మీటర్ల దగ్గర అలవాటైతే ఏడు వేల దగ్గర మెదడు మందగించినా చేతులు చేసుకుపోతాయి.

మంచు చరియల శిక్షణ తీసుకున్నారో లేదో మీరు రాయలేదు. తీసుకోకపోతే ఈ శీతాకాలమే మొదటి స్థాయి కోర్సు చేయండి. నార్త్‌వెస్ట్ అవలాంచ్ సెంటర్ వాళ్లు రోజూ ఇచ్చే హెచ్చరికలను, బయటికి వెళ్లని రోజుల్లో కూడా చదవండి. మంచులో కూరుకుపోయిన మనిషి బతికే అవకాశం మొదటి పది, పదిహేను నిమిషాల తర్వాత చాలా వేగంగా పడిపోతుంది. అంటే మీ ప్రాణం పక్కనున్నవాడి చేతిలోని పారలో ఉంటుంది. తోడు వచ్చేవాళ్లను ఎంచుకునేటప్పుడు వాళ్ల స్కీయింగ్ కన్నా ముందు ఇది చూడండి.

శరీర దారుఢ్యం విషయంలో మీ వారపు పట్టిక చూశాను. జిమ్ ఎక్కువ, కొండ తక్కువ. 1,500 మీటర్లు దాటాక ప్రతి వెయ్యి మీటర్లకు మన గరిష్ఠ శక్తి సుమారు పదో వంతు తగ్గుతుంది. పై క్యాంపు చేరేసరికి సగం మిగిలితే గొప్ప. ఆ సగంతో రోజుకు ఎనిమిది, పది గంటలు పని చేయాలి. అందుకు కావలసింది ఆయాసపడుతూ చేసే చిన్న పరుగులు కాదు, పక్కవాడితో మాట్లాడగలిగే వేగంలో గంటల తరబడి ఎక్కడం. వారంలో మీ సమయంలో చాలా భాగం ఈ నెమ్మది పనికే ఇవ్వండి. మెయిల్‌బాక్స్ పీక్ మీకు అరగంట, ముప్పావుగంట దూరంలో ఉంది, 1,200 మీటర్ల ఎక్కుడు. బ్యాగులో నీళ్ల డబ్బాలు పెట్టుకుని ఎక్కి, పైన నీళ్లు పారబోసి ఖాళీగా దిగడం మోకాళ్లను కాపాడుకునే పాత పద్ధతి. స్కీయర్లకు మాత్రం ఒక సవరణ ఉంది. స్కీల మీద దిగేటప్పుడు తొడలు బరువును ఆపుతూ పని చేస్తాయి కాబట్టి, నాలుగు వారాలకు ఒకసారైనా సగం నీళ్లు ఉంచుకుని దిగండి. ఇంకో మాట. దారుఢ్యం ఉన్నంత మాత్రాన ఎత్తు జబ్బు రాదని లేదు. బాగా పరుగెత్తేవాళ్లు వేగంగా పైకి పోయి ముందుగా జబ్బుపడటం మామూలే.

ఇప్పుడు మధ్య ఎత్తుల సంగతి. మెక్సికోలోని ఒరిజాబా 5,636 మీటర్లు, ఉత్తర అమెరికాలో మూడో ఎత్తైన శిఖరం. ముందు లా మాలించే, ఇజ్తా లాంటి కొండల మీద కొన్ని రోజులు గడిపి, 4,200 మీటర్ల పైనున్న పియెద్రా గ్రాందే గుడిసె నుంచి ఎక్కవచ్చు. తక్కువ సెలవుతో, తక్కువ ఖర్చుతో అయిపోతుంది. నేను ముందు చెప్పిన సమాచారం సేకరించడానికి ఇది సరిపోతుంది. స్కీలు మాత్రం ఇంట్లో పెట్టండి. అక్కడి హమాపా హిమానీనదం ఏటేటా కుంచించుకుపోతోంది, చాలాచోట్ల గట్టి మంచుగడ్డ తేలింది. అక్కడ క్రాంపాన్లతో (బూట్ల కింద కట్టుకునే ఇనుప ముళ్లతో) నడవాలి, జారితే ఆగడం కష్టం. ఈక్వడార్‌లోని కయాంబే (5,790 మీటర్లు) కూడా మంచిదే, సెలవు ఎక్కువ ఉంటే అదే నయం.

స్కీల కోసం అయితే 5,000 మీటర్ల శిఖరాల్లో ఎల్‌బ్రస్ పేరు ముందు వస్తుంది. 5,642 మీటర్లు, వెడల్పాటి వాలు, రోప్‌వే 3,800 మీటర్ల పైదాకా తీసుకెళుతుంది. కానీ రష్యాకు వెళ్లవద్దని అమెరికా ప్రభుత్వం చెబుతోంది, బీమా దొరకడం కష్టం. కాబట్టి మీ వరకు దాన్ని పక్కన పెట్టేయండి. తేలిక కొండ అని పేరున్న దాని మీదే 2021 సెప్టెంబర్‌లో ఒకే బృందంలోని ఐదుగురు తుఫానులో చనిపోయారు. మన దగ్గర, శిక్షణ కోసమే వాడే ద్రౌపదీ కా దండా (5,670 మీటర్లు) మీద 2022 అక్టోబర్ 4న మంచు చరియ కింద 29 మందిని పోగొట్టుకున్నాం. వాళ్లలో ఎక్కువమంది ఉత్తర్‌కాశీ నెహ్రూ పర్వతారోహణ సంస్థ విద్యార్థులు. మస్తాన్ బాబు గారు 2015లో మనకు దూరమైంది ఎవరెస్ట్ మీద కాదు, 7,000 మీటర్లయినా లేని ఆండీస్ శిఖరం ట్రెస్ క్రూసెస్ మీద. సాధన కొండ అని మనం పెట్టుకున్న పేరు కొండకు తెలియదు కాబట్టి, బీమా, సమాచార పరికరాలు, వెనుదిరిగే సమయం విషయంలో చో ఓయుకు పాటించే నియమాలే అక్కడా పాటించండి.

మీ జాబితాలో లేని ఒక పేరు చేరుస్తున్నాను. నా దృష్టిలో ముజ్తాగ్ అతాకు అసలైన ముందుమెట్టు డెనాలీ. ఎత్తు 6,190 మీటర్లే. కానీ 63 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉండటం వల్ల గాలి పీడనం ఇంకా తక్కువగా ఉంటుంది, అంటే శరీరానికి అది అంతకంటే ఎత్తుగానే తోస్తుంది. చిన్న విమానం మిమ్మల్ని సుమారు 2,200 మీటర్ల దగ్గర హిమానీనదం మీద దించి వెళ్లిపోతుంది. ఒంటెలు లేవు, షెర్పాలు లేరు. మూడు వారాల తిండి, ఇంధనం, డేరా అన్నీ సగం వీపున, సగం వెనక లాగే స్లెడ్డు మీద. సామాను పైకి మోసి, మంచులో పాతిపెట్టి, కిందికి వచ్చి పడుకుని, మర్నాడు క్యాంపు మార్చడం. ఎత్తుకు అలవాటు పడే పద్ధతి అక్కడ పనిలో భాగంగానే వస్తుంది. 4,330 మీటర్ల క్యాంపు దాకా స్కీల మీద స్లెడ్డు లాగుతూ వెళ్లవచ్చు. దిగేటప్పుడు స్కీల వెనక స్లెడ్డు ఎగబడి మడమలు కొడుతుంటే వచ్చే కోపం నేర్పే ఓర్పు ఇంకెక్కడా దొరకదు. ఆ పైన తాళ్లు కట్టిన నిటారు వాలు ఉంది, అక్కడ జుమార్ (తాడును పట్టుకుని పైకి మాత్రమే జరిగే పరికరం) వాడకం వస్తుంది. అది చో ఓయు మీద కావలసిన పని. తుఫానులో నాలుగైదు రోజులు డేరాలో ఇరుక్కుని, పారతో మంచు తీస్తూ, పక్కవాడి గురక భరిస్తూ ఉండటం కూడా అక్కడే వస్తుంది. అనుమతి కోసం, ఎక్కడం మొదలుపెట్టే తేదీకి 60 రోజుల ముందే నమోదు చేసుకోవాలి. కాలం మే నుంచి జూలై మొదటి వారాల దాకా.

కాబట్టి నా వరస ఇలా ఉంటుంది. వచ్చే వసంతం అంతా కాస్కేడ్‌లు. ఆ శీతాకాలంలో ఒరిజాబా, వీలైనన్ని రోజులు బరువుతో స్కీయింగ్. రెండో వసంతంలో మళ్లీ కాస్కేడ్‌లు, ఎమన్స్ మీదుగా రైనియర్. మూడో ఏడాది మేలో డెనాలీ. అది బాగా జరిగితే ఆ మరుసటి ఏడాది జూలైలో ముజ్తాగ్ అతా. అదే వేసవిలో రెండూ పెట్టుకోవచ్చు కదా, డెనాలీ అలవాటు కొంత మిగులుతుంది కదా అని మీరు అడగవచ్చు. శరీరం పరంగా కొంత నిజమే. కానీ డెనాలీ నుంచి వచ్చినవాళ్లు బరువు తగ్గి, కండ కరిగి ఉంటారు. ఆ స్థితిలో నెల తిరక్కుండా 7,500 మీటర్లు నేను సలహా ఇవ్వను.

స్వదేశం వెళ్లే ఏడాది ఉంటే గుల్మర్గ్ మంచిది. రోప్‌వే దాదాపు 4,000 మీటర్ల దాకా తీసుకెళుతుంది, రిసార్టు బయటి లోతైన మంచులో స్కీయింగ్ నేర్చుకోవడానికి వీలు. మాలావత్ పూర్ణ, ఆనంద్‌కుమార్ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కడానికి ముందు ఎలాంటి శిక్షణ పొందారో కూడా గమనించండి. మొదట భువనగిరి బండల మీద తాళ్ల పని, ఆ తర్వాత డార్జిలింగ్ పర్వతారోహణ సంస్థలో మంచు పని, ఆ తర్వాత లద్దాఖ్ చలి. 7,000, 8,000 మీటర్ల శిఖరాల జాబితా కాదు, మెట్టు మెట్టుగా పని నేర్పడం.

ఎత్తు జబ్బు గురించి మీకు తెలిసే ఉంటుంది, కాబట్టి త్వరగా ముగిస్తాను. 3,000 మీటర్లు దాటాక నిద్రపోయే ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచవద్దు, మూడు నాలుగు రోజులకు ఒకరోజు విశ్రాంతి. ఎత్తు జబ్బు రాకుండా వేసుకునే మందు ఎసిటజోలమైడ్ వాడాలనుకుంటే వైద్యుడిని అడిగి, ముందుగా ఇంటి దగ్గరే ఒకసారి వేసుకుని చూడండి. వేలికి తగిలించే ఆక్సిజన్ మీటరు అంకెలకు బానిస కావద్దు. కూర్చున్నా ఆయాసం తగ్గకపోతే, సరళరేఖ మీద అడుగు వెనక అడుగు వేయలేకపోతే, అంకె ఎంతైనా సరే కిందికి దిగాలి. స్కీలు ఉన్నవాడికి ఒక ప్రత్యేకమైన ప్రమాదం ఉంది. తూలుతున్న మనిషి స్కీల మీద దిగలేడు. "క్షణంలో దిగిపోగలం" అనే ధైర్యంతో ఆలస్యంగా నిర్ణయం తీసుకుంటే, ఆ క్షణానికి స్కీలు పనికిరావు. స్కీయర్లు నడిచేవాళ్లకన్నా ముందుగా వెనుదిరగాలి.

డావో కార్నిచార్ 2000లో ఎవరెస్ట్ నుంచి, ఆంజెయ్ బార్గియెల్ 2018లో కే2 నుంచి స్కీలు విప్పకుండా దిగిన వీడియోలు చూసి మీరు స్కీల వైపు వచ్చానన్నారు. చూడండి, ఆనందించండి. వాళ్లు పుట్టినప్పటినుంచీ కొండ ఊళ్లలో స్కీల మీద తిరిగినవాళ్లు. అలాంటి నైపుణ్యమే ఉన్న హిలరీ నెల్సన్ 2022లో మనస్లు శిఖరం నుంచి దిగడం మొదలుపెట్టిన కాసేపటికే మంచు చరియకు చిక్కి చనిపోయారు. చో ఓయు మీద మీరు శిఖరం నుంచి కాకుండా రెండో క్యాంపు నుంచి మాత్రమే స్కీల మీద దిగినా అది పూర్తి ప్రయాణమే.

తిండి: కందిపొడి, నెయ్యి, తక్షణ అన్నం 5,000 మీటర్ల దాకా బ్రహ్మాండం. ఆ పైన కొవ్వు అరగదు, నెయ్యి వాసనకే వికారం వస్తుంది. పిండిపదార్థాలు అదే శక్తికి తక్కువ ఆక్సిజన్ తీసుకుంటాయి కాబట్టి శరీరం తీపినీ అన్నాన్నీ అడుగుతుంది. పల్లీ చిక్కీ చలికి రాయి అవుతుంది, పన్ను జాగ్రత్త, రాత్రి నిద్రసంచిలో పెట్టుకోండి. ఉప్మా పొడి వేడినీళ్లతో సరిపోతుంది. ఆవకాయ తీసుకెళ్లండి, నోరు చచ్చిపోయిన రోజున రెండు ముద్దలు దిగేది దానితోనే. సీసాలో మాత్రం వద్దు, గట్టి ప్లాస్టిక్ సంచి రెండు వరసలు.

చివరగా కొనుగోలు. స్కీల కన్నా ముందు బూట్లు కొనండి. మామూలు సైజు కన్నా అరసైజు పెద్దవి, లోపలి లైనర్ మీ పాదానికి వేడిచేసి మలిపించుకున్నవి, క్రాంపాన్లు గట్టిగా పట్టేవి. ఎత్తులో పాదం ఉబ్బుతుంది, బిగుతు బూటులో రక్తం ఆడకపోతే వేళ్లు పోతాయి. మామూలు స్కీ టూరింగ్ బూట్లు 7,000 మీటర్ల చలికి పలచన. బ్యాటరీ సాక్సులు, మందమైన లైనర్, పైన తొడుగు ఈ మూడింటిలో రెండైనా కావాలి. ఆ తొడుగు బైండింగు (బూటును స్కీకి పట్టి ఉంచే బిగింపు) పిన్నులకు అడ్డం పడకుండా కోసుకోవాలి. పర్వతారోహణ బూట్లు పట్టే పాతరకం బైండింగులు కొందరు వాడతారు. వేళ్లు వెచ్చగా ఉంటాయి, దిగేటప్పుడు స్కీల మీద పట్టు మాత్రం బాగా తగ్గుతుంది. మీ స్థాయికి వాటిని నేను చెప్పను. స్కీలు నడుము దగ్గర 85 నుంచి 95 మిల్లీమీటర్ల వెడల్పు, మీరు రిసార్టులో వాడేవాటికన్నా కొంచెం పొట్టివి, జతలో ఒక్కొక్కటి కిలోన్నర లోపు. స్కీ క్రాంపాన్లు తప్పనిసరి. తెల్లవారుజామున గట్టిపడిన వాలు మీద స్కిన్లు (ఎక్కేటప్పుడు జారకుండా స్కీల అడుగున అంటించే పట్టీలు) ఒక్కటే పట్టవు. స్కిన్ల జిగురు చలికి చచ్చిపోతుంది కాబట్టి విప్పగానే కోటు లోపల పెట్టుకోవాలి, బ్యాగులో కాదు. ఇవన్నీ ఈ డిసెంబర్‌కు కొనేస్తే ఏప్రిల్ కల్లా బూట్లు ఎక్కడ కొరుకుతాయో తెలిసిపోతుంది. అప్పుడు దుకాణానికి తీసుకెళ్లి ఆ చోట ప్లాస్టిక్‌ను సాగదీయించుకోండి.